రెండు దెబ్బలు పడ్డాకే అందుకోవాలి

మా మేనత్త మొగుడు పాటలు రాసేవాడు. పాడేవాడు కాదు. ఈ ముక్క ముందే చెప్పెయ్యడం మంచిది. మాది ఆళ్ళగడ్డ అని తెలియగానే, "మీ మామ పాటలు భలే పాడేవాడంట కదా" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటారు. ఆయన గొంతు విన్నవాళ్ళెవరూ ఆ మాట అనరు. నూనె లేని బావి గిలక ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పాట రాసి, వరస కట్టి, తాళం చూపించి, "ఇంగ మీరు పాడండప్పా, నేను పాడితే కూర్చున్నోళ్ళు గూడా లేచిపోతారు" అనేవాడు.

ఆళ్ళగడ్డ పక్కన ఒక పల్లెలో చిన్నబడి అయ్యవారుగా పనిచేసేవాడు. ఇల్లు మాత్రం ఆళ్ళగడ్డలోనే, శిల్పులు రాళ్ళు చెక్కే కొట్టాల వెనక. పొద్దున కాఫీ నీళ్ళు తాగే వేళకు మొదలైతే పొద్దు గూకేదాకా ఉలి దెబ్బలే. కొత్తగా వచ్చిన చుట్టాలు తలనొప్పి అనేవాళ్ళు. మామ మాత్రం ఆ చప్పుడు ఆగితే పాట రాయలేకపోయేవాడు. "ఆ దెబ్బకూ ఈ దెబ్బకూ నడుమ ఒక మాట పట్టాల. పట్టిందంటే పాట, పట్టకపోతే వచనం" అని ఆయన సిద్ధాంతం. అందుకే ఆయన పాటలన్నిటికీ నడక ఒకటే. గిట్టనివాళ్ళు అన్నీ ఒకే పాట అన్నారు. నిజం చెప్పాలంటే కొంతవరకు నిజమే.

మాది యేసుప్రభువును నమ్ముకున్న కుటుంబం. పక్క కొట్టంలో పెద్దాయన వినాయకుణ్ణో, నందినో చెక్కుతూ ఉంటే, ఇవతల అరుగు మీద మామ ప్రభువు పాట కట్టేవాడు. ఇద్దరికీ అందులో వింతేమీ కనపడలేదు. మామ ఒక చరణం గట్టిగా చదివితే, ఆయన ఉలి ఆపి, "అయ్యోరా, ఆ రెండో మాట కుదరల్యా" అనేవాడు. మామ మార్చేవాడు. సంఘపెద్దలు చెబితే మాత్రం మార్చేవాడు కాదు.

అందరికీ తెలిసిన పాట వానపాట. అది మామ పెట్టిన పేరు కాదు, జనం పెట్టింది. "సాలు దున్నినా నేను, సినుకు నీదయ్యా. ఇత్తు సల్లినా నేను, మొలక నీదయ్యా" అని మొదలవుతుంది. ప్రభువు పేరు ఆఖరి చరణంలోగాని రాదు. అందుకని మా గుడివాళ్ళే కాకుండా పెద్ద రైతులు కూడా పొలాల్లో పాడుకునేవాళ్ళు. ఆఖరి చరణం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. మామ దానికి నవ్వేవాడేగాని నొచ్చుకునేవాడు కాదు.

మొదట్లో పాటలు చేతిరాతతోనే తిరిగాయి. ఎవరో కూతురింటికి ఉయ్యాలవాడ పోతూ ఒకటి రాసుకుపోయేవాళ్ళు. బదిలీ అయిన పాస్టరు జూపాడు బంగ్లాకు నాలుగు పట్టుకుపోయాడు. శ్రీశైలం డ్యాం పనికి పోయిన కూలీలు అక్కడ గుడారాల్లో పాడుకున్నారట. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మామ పాటలు బస్సెక్కి దాటాయి. తర్వాత నంద్యాలలో చిన్న పుస్తకం అచ్చయింది. అచ్చువేసినాయన చదువుకున్నవాడు. మామకు మేలు చేద్దామని "సాలు"ను "చాలు" చేసి, "ఇత్తు"ను "విత్తు" చేసి పెట్టాడు. మామ ఆ పుస్తకాలన్నీ ముందేసుకుని పెన్నుతో ఒక్కోటీ మళ్ళీ తన మాటకు దిద్దాడు. అత్త దిద్దింది. నేనూ దిద్దాను. ఇప్పుడు తెలుగు టీచరునై ముప్పై ఏళ్ళుగా పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దుతున్నానుగాని, నా మొదటి దిద్దుబాటు మాత్రం ఒప్పును కొట్టేసి తప్పు రాయడమే.

క్యాసెట్టు సంగతి నాకు పన్నెండేళ్ళప్పటిది. నంద్యాలలో ఒకాయన తన మిద్దె మీద గదిలో రికార్డింగు పెట్టాడు. గోడల నిండా దూది పరుపులు నిలబెట్టి కట్టి ఉన్నాయి. మైకు ఒక్కటే. దాని చుట్టూ మేమందరం. హార్మోనియం దగ్గరగా, తబలా దూరంగా, తాళాలు వాయించే ఆయన గుమ్మం అవతల. ముందు పాడే ఆయనది గుడి పైకప్పు లేచిపోయే గొంతు, అందుకని ఆయన్ను మైకుకు వీపు చేసి నిలబెట్టారు. వంత పాడడానికి మేము నలుగురు ఆడపిల్లలం. ఫ్యాను వేస్తే చప్పుడు రికార్డవుతుందని ఆపేశారు. నంద్యాల ఎండాకాలం, పరుపుల గది. మేము పాడలేదు, ఉడికాం.

ఆ రోజుల్లో పాట మధ్యలో తప్పుపోతే మళ్ళీ మొదటినుంచి పాడాల్సిందే. తప్పుపోయింది ఎవరంటే నేను. చరణం అయ్యాక హార్మోనియం ఒక ముక్క వాయించాలి, ఆ తర్వాతే మేము "సినుకు నీదయ్యా" అని అందుకోవాలి. నేను ఆ ముక్క అయ్యేదాకా ఆగలేకపోయాను. నాకు ఆ పాటంటే అంత ఇష్టం. ఒకసారి ముందే అందుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అందుకున్నాను. మూడోసారికి తబలా ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "అయ్యోరా, ఈ పాపను బయట కూర్చోబెడితే బేగా అయిపోతాది కదా" అన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ నా దగ్గరికి వచ్చి కూర్చుని, "బయటికి పొయ్యేదేం లేదు. పాపా, నా చేతిని చూడు. నేను ఉంగరంతో రెండు దెబ్బలు కొడతా. రెండు దెబ్బలు పడినంకనే నువ్వు అందుకోవల్ల" అన్నాడు. రికార్డింగు ఆయన చప్పుడు పడుతుందని మొత్తుకున్నాడు. "పడనీప్పా. పాప పాడల్ల" అన్నాడు మామ.

అట్లాగే జరిగింది. ప్రతి చరణం తర్వాత మామ తన పెళ్ళి ఉంగరంతో హార్మోనియం పెట్టె మీద టక్ టక్ మని కొట్టాడు. నేను సరిగ్గా అందుకున్నాను. రికార్డింగు ఆయన చెప్పినట్టే ఆ దెబ్బలు మా గొంతులకంటే స్పష్టంగా పడ్డాయి.

క్యాసెట్టు బాగా అమ్ముడుపోయింది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సెక్కితే శిరివెళ్ళ దాటేలోపు ఎక్కడో ఒకచోట వినపడేది. పల్లెల్లో జనానికి పాట నేర్పే మనిషి లేడు, క్యాసెట్టే గురువు. దాంట్లో ఎట్లుంటే అట్లా నేర్చుకున్నారు. రెండో చరణంలో ముందు పాడే ఆయనకు ఊపిరి చాలక ఒక మాట మింగేసి దగ్గాడు. ఒక ఊళ్ళో సరిగ్గా ఆ చోట అందరూ చిన్నగా దగ్గి ముందుకు పోయేవాళ్ళని మామ వచ్చి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు.

నాకు మాత్రం ఆ క్యాసెట్టు తంటా తెచ్చిపెట్టింది. తబలా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆ టక్ టక్ ఎవరికోసమో ఆళ్ళగడ్డంతా చెప్పాడు. బడిలో నేను పద్యం చెప్పడానికి లేస్తే వెనక బెంచీ నుంచి టక్ టక్. పెళ్ళిచూపుల్లో నేను మాట్లాడకపోతే మా అన్న తలుపు మీద టక్ టక్. మా ఆయన ఇప్పటికీ నన్ను తొందరపెట్టాలంటే గిన్నె మీద రెండు దెబ్బలు కొడతాడు. నవ్వేదాన్నిగాని, లోపల ఎక్కడో ముల్లు ఉండిపోయింది. క్యాసెట్టు ఉన్నంతకాలం నా తప్పు కూడా ఉంటుంది కదా అనిపించేది.

తర్వాత మామ ఇంకో మూడు క్యాసెట్లు చేశాడు. నేను పెళ్ళై నంద్యాల వచ్చేశాను కాబట్టి వాటిలో లేను. వాటిలో దెబ్బలూ లేవు. మూడోదానికి కీబోర్డు పెట్టి, మామ నడకను మార్చి హడావిడి చేశారు. "బాగుండాది, కానీ నాది కాదు" అని ఆయన ఇంక రికార్డింగుకు పోలేదు. రాయడం మాత్రం ఆపలేదు. ఆయన పోయి పదేళ్ళు. ఆయన ఉంగరానికి దారం చుట్టి అత్త తన వేలికి పెట్టుకుంది. ఆళ్ళగడ్డ గుడిలో ఇప్పుడు డ్రమ్ములు, కొత్త పాటలు. నేను పోయే నంద్యాల గుడిలో ఆయన పాట ఒక్కటీ పాడరు. ఊళ్ళల్లో ఇంకా పాడుతున్నారని వినడమేగాని నేను పోయి చూసింది లేదు.

ఈ ఏడు పదో జ్ఞాపకార్థ కూడిక కాస్త పెద్దగా చేద్దామని సంఘంవాళ్ళు అనుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను పిలిచి, పగలు ప్రార్థన, తర్వాత భోజనాలు. దానికి నెల ముందు అత్త నన్ను పిలిపించింది. ఎనభై దాటిన మనిషి. పెట్టె అడుగునుంచి వేపాకులో పెట్టిన ఆ మొదటి క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టింది. టేప్‌రికార్డరు చెడిపోయి ఏళ్ళయింది, మా ఇళ్ళల్లో మిగిలిన క్యాసెట్టు అదొక్కటే.

"దీన్ని సెల్లులోకి ఎక్కించుకోని రా మే. కూడికలో ఏద్దురు. పొయ్యేలోపల మీ మామను ఒక్క తూరి వినల్ల నేను" అంది.

"అందులో మామ పాడలేదు కదత్తా."

"నాకు తెల్దా?" అంది. పెద్దతనంలే అనుకున్నాను. అడిగుంటే సరిపోయేది. ఒకరిని అడిగే అలవాటు టీచర్లకు తక్కువ.

నంద్యాలలో నూనెపల్లె వైపు ఒక చిన్న స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలు, యూట్యూబు పాటలు చేస్తాడు ఆయన. క్యాసెట్టు చూసి ముచ్చటపడ్డాడు. జాగ్రత్తగా తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించాడు. నలభై నాలుగేళ్ళ తర్వాత మా గొంతులు వచ్చాయి. వానపాట వచ్చింది. అంతలో చరణం అయింది. టక్ టక్.

"ఈ గరగర అంతా తీసేస్తా మేడం. ఆ కొట్టుడు గూడా తీసెయ్యాల్నా? ఏదో పెట్టెకు తగిలినట్లుండాదే" అన్నాడు.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను. "తీసెయ్యప్పా, అది తప్పుపోయింది" అన్నాను. ఎన్నేళ్ళనుంచో ఎర్రసిరా పట్టుకుని ఆ తప్పు దగ్గరే నిలబడి ఉన్నట్టు అంత తొందరగా అన్నాను. వారం తర్వాత ఇచ్చాడు. కడిగిన ముత్యంలా ఉంది పాట. చరణానికీ వంతకూ మధ్య హార్మోనియం ఒక్కటే, ఎవరి చెయ్యీ లేదు. ఇంటికి వచ్చి మా ఆయనకు వినిపించి, "ఇప్పుడు కొట్టుకో గిన్నె" అన్నాను.

కూడికకు మూడు రోజుల ముందు ఆళ్ళగడ్డ పోయి అత్తకు ఫోనులో పెట్టాను. మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని వినింది. మొదటి చరణం అయింది. వంత వచ్చింది. అత్త కళ్ళు తెరిచింది. రెండో చరణం అయింది. వంత వచ్చింది. నా వైపు చూసి, "మీ మామ యాడ మే?" అంది.

నాకు అర్థం కాలేదు. అత్త మంచం పట్టె మీద మామ ఉంగరంతో రెండు దెబ్బలు కొట్టింది. "ఈడ కొడతాడు కదా మీ మామ. ఈడ. ప్రతి చరణానికీ. క్యాసెట్టు మొత్తంలో ఆయన ఉండేదే ఆడ. యాడికి పోయినాడు?"

నాలుగు క్యాసెట్లు చేసిన మనిషి చెయ్యి పడింది వాటిలో ఆ ఒక్క పాటలోనే. ఆయన గొంతు ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఆ టక్ టక్. దాన్ని నేనే చేజేతులా కొట్టేయించాను. అదీ నన్ను బయటికి పంపకుండా కాపాడడానికి ఆయన కొట్టిన దెబ్బల్ని. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నేనే తీసేయించినా అత్తా. నా తప్పు వినపడకూడదని" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఫోను నా చేతికిచ్చి, "పోనీలే" అని అటువైపు తిరిగి పడుకుంది.

అట్నుంచి అటే స్టూడియోకు పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. "అసలుది కంప్యూటర్లో జాగా లేక తీసేసినా మేడం. బాగుండాదని మీరే అంటిరి కదా" అన్నాడు. మళ్ళీ క్యాసెట్టు తిప్పమన్నాను. భయపడుతూనే తిప్పాడు. రెండు చుట్లు తిరిగి టేపు పుటుక్కున తెగి లోపల చుట్టుకుపోయింది. పీకితే పొడిపొడిగా ఊడొచ్చింది. ఆయన పాపం నాకంటే ఎక్కువ బాధపడి టీ తెప్పించాడు.

కూడిక రోజు పొద్దున్నే ఆళ్ళగడ్డ చేరాను. గుడి వెనక కట్టెల పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. ఉయ్యాలవాడ నుంచి రెండు ఆటోల నిండా, జూపాడు బంగ్లా నుంచి ఒక వ్యానులో జనం వచ్చారు. నాకు ముఖం తెలిసినవాళ్ళు పదిమంది కూడా లేరు. ముసలివాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు పిల్లలతో ముందు చాపల మీద కూర్చున్నారు. అత్తను ముందు బెంచీలో కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. తెల్లచీర, దారం చుట్టిన ఉంగరం. మూడు రోజుల కిందటి మాట మళ్ళీ ఎత్తలేదు. "క్యాసెట్టు తెగిపోయిందత్తా" అని చెప్పాను. "ఉండేదే ఏస్తారులే" అంది.

ప్రార్థన అయ్యాక పాస్టరు, ఇప్పుడు వానపాట వేస్తామని, అందరూ వినాలని చెప్పాడు. పెద్ద స్పీకర్లలో పాట మొదలైంది. వినాలని చెప్పాడుగాని ఎవరూ ఊరికే వినలేదు. మొదటి మాటకే గుడంతా అందుకుంది. నేను తలెత్తలేదు. చరణం అయిపోవస్తోంది. ఆ ఖాళీ చోటు రాబోతోందని, అత్త మళ్ళీ వెతుక్కుంటుందని భయపడ్డాను.

చరణం అయింది. హార్మోనియం ముక్క వచ్చింది.

టక్ టక్.

స్పీకర్లో కాదు. నా వెనక. గుడిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారే కొట్టారు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు బెంచీ చెక్క మీద వేలి కణుపులతో కొట్టారు. చాపల మీది ఆడవాళ్ళు బైబిలు అట్టల మీద కొట్టారు. ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మ చేతిమీద కొట్టింది. కొట్టి, ఏమీ జరగనట్టు "సినుకు నీదయ్యా" అని అందుకున్నారు. ఆళ్ళగడ్డవాళ్ళు మాత్రం వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయారు.

నా వెనక బెంచీలో జూపాడు బంగ్లా నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. ఆపుకోలేక ఆయన వైపు తిరిగి, "అదేంది అన్నా, కొట్టినారు?" అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పాటలో ఉండేదే కదమ్మా. రెండు దెబ్బలు పడినంకనే అందుకోవల్ల. మా నాయన అట్లే నేర్పిచ్చినాడు. మీకు తెల్దా?"

ఇటు తిరిగి అత్తను చూశాను. కళ్ళు మూసుకుని ఉంది. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. రెండో చరణం అయింది. గుడంతా మళ్ళీ కొట్టింది. ఎప్పుడో పరుపుల గదిలో ఒక్క ఉంగరం చేసిన చప్పుడు, ఇప్పుడు మామను ఎన్నడూ చూడనివాళ్ళ చేతుల్లోంచి వస్తోంది. నేను చెరిపేసింది చెరగలేదు. నాకు పట్టలేనంత సంతోషం వేసింది. నలభై నాలుగేళ్ళుగా దాచుకున్న ముల్లు ఏమైందో తెలియలేదు. మూడో చరణానికి నేనూ గొంతెత్తాను. ఆఖరి మాట అయిందో లేదో, దెబ్బలకు ఆగకుండా, హార్మోనియానికి ఆగకుండా, "సినుకు నీదయ్యా" అని గుడి మొత్తానికీ ముందు నేనొక్కదాన్నే అందుకున్నాను.

టక్ టక్ మని దెబ్బలు ఆ తర్వాత పడ్డాయి.

అత్త కళ్ళు తెరిచింది. మోచేత్తో నా డొక్కలో ఒక్క పోటు పొడిచింది. "చూడు మీ మామ ఉండాడు," అంది, "నువ్వేమో ఈ తూరి గూడా ముందే అందుకుంటివి."